కడ్డీ మీద చేతులు

పెళ్లయిన ఇన్నేళ్లలో టైలరమ్మ మొగుడికి పెట్టిన షరతు ఒక్కటే.

"మీ నాటకం చూస్తా. చూశాక నా కడుపు మండిందా, రేపట్నుంచి మీరు లిఫ్టుల మెకానిక్కే. నటుడు కాదు."

అతను సరేనన్నాడు. అన్నాక అన్నం సయించలేదు.

నాటకంలో ఇద్దరు ప్రేమికులు. ప్రేమికుడి వేషం టైలరమ్మ మొగుడిది. అంత మహానగరంలో వాళ్లిద్దరూ ఒంటరిగా కూర్చోవడానికి జానెడు చోటు లేదు. అందుకని రోజూ ఒకే బస్సెక్కుతారు. కిక్కిరిసిన జనంలో నిలబడి నెత్తిమీది కడ్డీ పట్టుకుంటారు. అతని చేయి మెల్లగా జరిగి ఆమె చేతిని కప్పేస్తుంది. నాటకానికి ఆయువుపట్టు అదే. టైలరమ్మ గుండెల్లో గుచ్చుకున్న ముల్లూ అదే.

"కుర్చీ విరిచేస్తావేమో, వదినా!" పక్కనున్న ఆడపడుచు గుసగుసలాడింది. "మా అన్నయ్యకి ఇంట్లోనే సరసం చేతకాదు. స్టేజీ మీద ఏం వెలగబెడతాడు?"

"నోర్మూసుకుని చూడవే."

తెర లేచింది. వేదిక మీద బస్సు లేదు. రెండు స్తంభాల మధ్య ఓ ఇనుప కడ్డీ, దాన్ని పట్టుకుని ఊగుతున్న పదిమంది. అంతే! అయినా హాలు హాలంతా బస్సెక్కేసింది.

ప్రేమికుడి చేయి కదలబోయింది. సరిగ్గా అప్పుడే 'టక్' మంది. స్తంభం దగ్గర బోల్టు ఊడింది. కడ్డీ జారింది... ఆగింది.

ఆపింది టైలరమ్మ మొగుడే. ప్రేక్షకులు బస్సు కుదుపనుకున్నారు. అతని మోచేతి దగ్గర ఉబ్బిన నరం ఆమెకొక్కర్తికే కనిపించింది. ఇప్పుడు ఆ చేయి కదిలిందంటే కడ్డీ అందరి నెత్తిన పడుతుంది.

ఇక ముట్టుకోలేడు. 'అమ్మయ్య' అనుకుంది టైలరమ్మ.

నటి ఒక్క క్షణం ఎదురుచూసింది. చేయి రాలేదు. ఆమె తన చిటికెన వేలొక్కటే చాచింది. అది అతని వేలి దాకా వెళ్లి, దారప్పోగంత ఎడంలో ఆగిపోయింది.

హాల్లో దగ్గు లేదు, కదలిక లేదు. బయట రోడ్డు మీద ఏదో బస్సు హారన్ కొట్టింది. అది నాటకంలోదో, ఊళ్లోదో ఎవరికీ తెలియలేదు. టైలరమ్మ కుర్చీ అంచుకి జరిగింది. రోజూ తన పక్కన గురక పెట్టే మనిషి, ఇంతమంది ఊపిరిని గుప్పిట పట్టుకుని నిలబడ్డాడు! మండాల్సిన కడుపు మండడం మర్చిపోయింది.

దీపాలు ఆరాక ఎవరో పరుగున వచ్చి కడ్డీ అందుకున్నారు. ఆ తర్వాతే చప్పట్లు మోగాయి.

తిరుగు బస్సులో కాలు పెట్టే చోటు లేదు. ఇంట్లో మాత్రం ఉందా? రెండు గదులు, అత్తగారు, ఆడపడుచు, ఇద్దరు పిల్లలు. టైలరమ్మ కడ్డీ పట్టుకుంది. కాస్త దూరంలో కమిలిన అతని చేయి. ఆడపడుచు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

"మండిందా?" భయంభయంగా అడిగాడు.

ఆమె చేయి కడ్డీ మీద మెల్లగా జరిగింది. దారప్పోగంత ఎడంలో ఆగింది. అతను ఊపిరి బిగబట్టాడు.

"రేపు ఆ బోల్టు గట్టిగా బిగించుకోండి," అంది గొంతు తగ్గించి. "చేయి మాత్రం కదపకండి."

అని, ఆ కాస్త ఎడమూ తనే చెరిపేసింది.