విత్తని సాలు

మారేడ్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ వీరయ్య పొద్దున్నే గేటు తీసి, మోటారు వేసి, కుర్చీలో కూర్చుంటాడు. కూర్చున్నాడో లేదో లేస్తాడు. కాలుగాలిన పిల్లి నయం. అతను నడక మొదలుపెట్టగానే వెనక నాగలి సాలు పడుతుంది. టైల్సయినా, తారు రోడ్డయినా విచ్చుకుని నల్లరేగడి బయటపడాల్సిందే. నాగలీ లేదు, ఎడ్లూ లేవు. స్కూలు పిల్లలు ఆ సాలు దాటుకుని బస్సెక్కుతారు. సాయంత్రానికి దానంతటదే పూడిపోతుంది కాబట్టి మున్సిపాలిటీ వాళ్లకూ పట్టలేదు.

ఊళ్లో చేను ప్లాట్లకు అమ్మిన రోజునుంచీ ఇదే తంతు. ఆ రోజు వీరయ్య దున్నుతూనే ఉన్నాడు. భార్య ఎల్లమ్మ వెనకాలే గింజలు వేయాలి. వేసేలోపే కొన్నవాళ్లు హద్దురాళ్లు పాతుకుంటూ వచ్చేశారు. తనతో మాటైనా అనకుండా అమ్మేశాడని ఆమెకు ఇప్పటికీ కోపమే. విత్తనపు జొన్నల మూట మాత్రం వెంట తెచ్చుకుంది. పస్తున్న పూట కూడా విప్పలేదు. విత్తనాలు వండుకు తినే ఇంట్లో పుట్టలేదామె.

ఆ కాళ్ల పుణ్యమా అని కార్ఖానా బస్తీలో ఓ వాచ్‌మన్ పని ఇదివరకే పోయింది. ఓ సాయంత్రం ఇక్కడి అపార్ట్‌మెంటు సెక్రటరీ విష్ణువర్ధన్ గారూ వచ్చారు.

"చూడు వీరయ్యా, సాలు పడితే పడనీ, దాటుకుంటాం. గేటు దగ్గర మనిషి ఉండాలిగా! రేపు కూడా కుర్చీ ఖాళీగా కనిపిస్తే వేరేవాణ్ణి పెట్టుకుంటాం."

ఆ మాట ఎల్లమ్మ చెవిన పడింది. మెట్ల కింది గది ఇరుకే కానీ, ఈ మోకాళ్లతో మళ్లీ సామాను నెత్తికెత్తుకుని ఎక్కడికి పోతుంది?

"రేపన్న జెర కూసోరాదు?"

"నేను లేస్తున్ననా? కాళ్లే లేస్తున్నయ్. ఎంత నడిచినా సాలు ఒడుస్తలేదే."

మర్నాడు టీ గ్లాసు కింద పెట్టకముందే లేచాడు. తిట్టబోయిన ఎల్లమ్మ సాలు వంక చూసి ఆగిపోయింది. తడిగా, లోతుగా, ఖాళీగా ఉంది. దున్నేవాడు ముందు, విత్తేది వెనక. ఇన్నాళ్లూ పంతం పట్టి వెనక నడవనిది తనే. పైకి ఒప్పుకోవడానికి రోషం అడ్డొచ్చింది. మూట దించి ఒడిలో కట్టుకుంది.

కుంటుకుంటూ మోండా మార్కెట్ దాకా నడిచింది. పిడికిలి సందులోంచి గింజ వెనక గింజ జార్చింది, పాదంతో మన్ను కప్పింది. కూరగాయల బండ్లవాళ్లు జరిగి దారిచ్చారు. వీరయ్య వెనక్కి తిరిగి చూడలేదు కానీ, ఆమె మోకాళ్లకు తగ్గట్టు నడక నెమ్మది చేశాడు. మూట ఖాళీ అయ్యేసరికి ఇద్దరూ తిరిగి గేటు ముందున్నారు.

ఖాళీ కుర్చీ పక్కన నిలబడి విష్ణువర్ధన్ గారు ఫోన్లో కొత్త వాచ్‌మన్‌తో మాట్లాడుతున్నారు. వీరయ్య గబగబా వచ్చి కూర్చున్నాడు. అలవాటు కొద్దీ వెంటనే లేవబోయాడు.

"ఏడికి?" అంటూ ఎల్లమ్మ గేటు బయటికి చెయ్యి చూపింది. రోడ్డు పొడుగునా జొన్న మొలకలు లేచి ఉన్నాయి. "మొలిచిన చేన్ల నాగలి పెడ్తరా ఎవలన్న?"

వీరయ్య తన కాళ్లకేసి చూసుకున్నాడు. అవి కదల్లేదు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"పెట్టరు" అన్నాడు.

విష్ణువర్ధన్ గారు మొలకల్నీ కుర్చీనీ మార్చి మార్చి చూసి, "నువ్వు రానక్కర్లేదులే బాబూ" అని ఫోను పెట్టేశారు.

"మరి పిట్టలొస్తయ్ గదనే?" అన్నాడు వీరయ్య బెంగగా.

"రానీ. నువ్వు కావలున్నవ్ గద" అని ఎల్లమ్మ కుర్చీ పక్కన చతికిలబడి, నొప్పి కాళ్లు చాపుకుంది.