చక్రాల పలకకు స్నానం

పైడమ్మకు లోకంలో అన్నిటికన్నా పెద్ద భయం కూతురు పడిపోతుందని. జబ్బు చేస్తుందని కాదు, చదువు రాదని కాదు, పడిపోతుందనే. మెట్ల మీంచి, డాబా మీంచి, కదిలే బస్సులోంచి, ఆఖరికి మంచం మీంచి. సమీర తప్పటడుగులు వేసిన నాటినుంచీ దాని వెనకాల రెండు చేతులూ చాచుకుని తిరిగిన మనిషి. ఇప్పుడు పిల్లకి పన్నెండేళ్ళు. చేతులు ఇంకా పూర్తిగా దిగలేదు.

అలాంటి తల్లి కడుపున పుట్టిన పిల్ల ఒకనాడు బడినుంచి వచ్చి, ప్రాజెక్టుకి తను స్కేట్‌బోర్డు చేస్తున్నానని చెప్పింది. అదేమిటో పైడమ్మకు తెలియదు. సమీర ఫోనులో చూపించింది. ఎవరో కుర్రాడు చక్రాలున్న చెక్క మీద నిలబడి రోడ్డు వెంట జారుకుంటూ పోతున్నాడు.

“పట్టుకోడానికి ఏటుంటాది?” అంది పైడమ్మ.

“ఏటీ ఉండదు. నిలబడడమే.”

“మరి పడిపోతేనో?”

“లెగుస్తాను.”

అది పైడమ్మకు జవాబులా తోచలేదు.

వాళ్ళది కలకత్తాలో, భవానీపూర్లో ఒక సందు చివర, కార్పొరేషను పనివాళ్ళ పాత క్వార్టర్లలో కింది గది. మామ సూరన్న ఆ చుట్టుపక్కల రోడ్లన్నీ ఊడ్చి ఊడ్చి రిటైరైనవాడు. మొగుడు దుర్గారావు చెత్తబండి డ్రైవరు. తెల్లారకుండా వెళ్ళి మధ్యాహ్నానికి వస్తాడు. పైడమ్మ పుట్టిల్లు షాలిమార్ గూడ్సు యార్డు పక్కన. ఆరో తరగతిలో ఉండగా తల్లి మంచం పడితే, తమ్ముళ్ళను చూసుకోడానికని బడి మానిపించారు. అందుకే చదువు సంగతుల్లో కూతురికి ఎదురు చెప్పడానికి ఆమెకు నోరు రాదు. బడిలో చెప్పారంటే అది చెయ్యాలి కాబోలు అనుకుంటుంది.

చెప్పింది సైన్సు నేర్పే టీచరమ్మ, మౌసుమీ దీదీమణి. పారేసిన వస్తువులతో కదిలేదేదైనా తయారు చెయ్యాలి. ప్రదర్శన రోజున, చేసినవాళ్ళే దాన్ని బడి ఆవరణలో ఈ గోడనుంచి ఆ గోడదాకా అందరిముందూ నడిపి చూపించాలి. విరిగిపోతే లెక్కలోకి రాదు. ఆవిడ మాట పూర్తవకుండానే వెనక బెంచీ పిల్ల ఒకతె, సమీరకేం, వాళ్ళ నాన్న మొయిలా గాడీ తోలుకొస్తే సరిపోతుందని అందిట. మొయిలా అంటే బెంగాలీలో చెత్త. క్లాసంతా నవ్వింది. సమీర ఏడవలేదు. తను నిలబడి వెళ్ళే బండి చేసి తెస్తానని అప్పటికప్పుడు లేచి చెప్పేసింది. చెప్పాక వెనక్కి తీసుకోవడం ఆ పిల్ల నైజంలో లేదు.

చక్రాలు దుర్గారావు చెత్తబండిలోనే దొరికాయి. పాత చక్రాల బూటు ఒకటి, తోలంతా చిరిగిపోయినా చక్రాలు మాత్రం గిర్రున తిరుగుతున్నాయి. ముందొక జత, వెనకొక జత, ఒక్కో ఇరుసు మీద దళసరి రబ్బరు బిళ్ళ. ఒక పక్కకి ఒత్తితే ఆ పక్కకే చక్రాలు మళ్ళుతాయి. అది కనిపెట్టిన రోజున సమీరకు అన్నం సహించలేదు. తండ్రి చేత బూటు అడుగు రేకును రంపంతో రెండు ముక్కలు కోయించింది.

చెక్కకి కలకత్తాలో ఆ రోజుల్లో లోటేముంది? దుర్గాపూజ దగ్గర పడుతోంది, వీధి వీధినా పందిళ్ళు లేస్తున్నాయి. మేస్త్రీలు కోసి పారేసిన పల్చటి ప్లైవుడ్ ముక్కలు సూరన్న ఏరుకొచ్చాడు. మందపాటి చెక్క వంచితే విరుగుతుంది. పల్చటి పొరలు బంకతో ఒకదాని మీద ఒకటి అతికించి, తడిగా ఉండగానే వెనక కొస, అంటే తోక దగ్గర పైకి వంచిపెడితే, ఆరాక ఆ వంపు నిలిచిపోతుంది. ఇదంతా సమీర బొమ్మ గీసి మరీ తాతకు వివరించింది. తోక కింద అప్పడాల కర్ర పెట్టి, నడుమ మీద బియ్యం డ్రమ్ము ఎక్కించారు. ఆరాక చక్రాలు బిగిస్తే అచ్చం ఫోనులో చూసినట్టే ఉంది. పైడమ్మ దాని చుట్టూ ఓసారి తిరిగి, తన భయాలన్నీ నోట్లోనే అట్టేపెట్టుకుంది.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆకాశం నిండా గాలిపటాలు. గ్యారేజీలో చెత్తబళ్ళకు కూడా దండలు వేసి పూజ చేస్తారు. చక్రమున్నదేదీ ఇవాళ పూజ లేకుండా ఉండకూడదని సూరన్న పొద్దున్నే తీర్మానించాడు. ఆ మాటకు పైడమ్మకు ప్రాణం లేచొచ్చింది. దేవుడి చేతిలో పెడితే ఇక పిల్లని ఆయనే చూసుకుంటాడు. పసుపు కలిపింది, కుంకుమ తీసింది, చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెచ్చింది. అయితే పూజకు ముందు స్నానం ఉండాలి కదా. వాళ్ళలో సైకిలైనా లారీ అయినా నిండా నీళ్ళు పోసి కడిగాకే బొట్టు. పలకను కుళాయి దగ్గర పెట్టి బిందెడు నీళ్ళు పోసింది. కొబ్బరిపీచుతో అడుగూ పైనా తోమింది. మళ్ళీ బిందెడు పోసి గుమ్మంలో ఎండకు నిలబెట్టి, ఒళ్ళంతా పసుపు రాసి బొట్లు పెట్టింది. పెళ్ళికూతురిలా ఉందని సూరన్న మురిసిపోయాడు.

సమీర డాబా మీద గాలిపటాలు చూసి దిగి వచ్చేసరికి పలక పుస్తకంలా విచ్చుకుని ఉంది. ఆరి గట్టిపడిన బంక మళ్ళీ పాలలా తెల్లబడి కారుతోంది. పసుపు పూసిన పై పొర లేచిపోయింది. తోక వంపు చదునైపోయింది.

పిల్ల విడిపోయిన పొరలు రెండు వేళ్ళతో కలిపి నొక్కి చూసింది. తర్వాత మెల్లిగా అంది: “నువ్వు కావాలనే సేసావు. నాను ఎక్కకూడదని.”

పైడమ్మ కారుతున్న బంకను కొంగుతో తుడవబోయింది. కావాలని చెయ్యలేదు. కానీ ఆ పొరలు విచ్చుకోవడం చూడగానే తన కడుపులో ఒక్క క్షణం చల్లగా అనిపించిన మాట నిజం. పిల్ల అది తన మొహంలో చదివేసింది.

సూరన్న కోడల్ని వెనకేసుకొచ్చాడు. పూజ చెయ్యాలన్నది తనే కాబట్టి తిట్టేదేదో తనను తిట్టమన్నాడు. సమీర ఎవరినీ తిట్టలేదు. ప్రదర్శన రోజున జ్వరమని బడికి కబురు పెట్టమని, గోడకేసి తిరిగి పడుకుంది. అన్నం కంచం అలాగే ఉండిపోయింది. ఆ ముడుచుకున్న వీపు చూస్తూ పైడమ్మ గుమ్మంలో కూర్చుంది. పిల్ల కాళ్ళు విరక్కుండా కాపాడుకుంటూ వచ్చింది ఇన్నాళ్ళూ. ఇవాళ విరిగింది కాలు కాదు.

లేచి వెళ్ళి దాని భుజం మీద చెయ్యి వేసింది.

“లెగే. ఎలా సెయ్యాలో సెప్పు, నాను సేస్తాను. ఒకటే మాట. నాకు బయమేసిన సోటల్లా నువ్వు నాకు జవాబు సెప్పాల.”

సమీర ఇటు తిరగలేదు. గోడకేసి చూస్తూనే, “ఏ సోట?” అంది.

సూరన్న మళ్ళీ పందిరి దగ్గరికి వెళ్ళాడు. బడ్జ్ బడ్జ్ అనే ఊరినుంచి వచ్చే మేస్త్రీ ఒకాయన సంగతంతా విని కడుపుబ్బా నవ్వాడట. పందిరి నెలరోజులు వానలో నిలబడాలి కాబట్టి తాము వాడే బంకే వేరని చెప్పి, డబ్బా అడుగున మిగిలింది ఇచ్చి, దానితోపాటు కొత్త ముక్కలూ ఇచ్చాడు.

ఇక అదమడం. బియ్యం డ్రమ్ము నడుమనే అదుముతుంది, అంచులు లేచిపోతాయి. మొదటిది విచ్చుకున్నది కూడా అంచుల దగ్గరే. పైడమ్మ ఆ అంచులు తడిమి చూస్తుంటే బాలింతనాటి నడికట్టు గుర్తొచ్చింది. సమీర పుట్టినప్పుడు అత్త తన నడుముకు పాత చీర అలాగే చుట్టేది, సగం చుట్టు మీద సగం చుట్టు, ఎక్కడా వదులు లేకుండా. అంతే, సైకిలు ట్యూబు అడిగి తెప్పించి పొడుగ్గా చీల్చింది. బంక పూసిన పొరల అడుగున ఊతంగా వేరే గట్టి చెక్క, తోక దగ్గర అప్పడాల కర్ర, బంక అంటుకోకుండా నడుమ ప్లాస్టిక్ సంచి. సమీర ట్యూబు ఒక చివర ఒడిసిపట్టుకుంటే తను కాలితో తొక్కిపట్టి లాగి లాగి చుట్టింది. ఆ ఉక్కలో బంక ఎప్పటికి ఆరుతుందోనని సమీర మాటిమాటికీ విప్పి చూడబోయింది. బాలింత కట్టు తొందరపడి విప్పకూడదని తల్లి దాన్ని దగ్గరకు రానివ్వలేదు.

విప్పినప్పుడు ఒక్క అంచు కూడా లేవలేదు. తోక వంపు వంపులాగే ఉంది. సమీర కుళాయి నీళ్ళు చేతిలోకి తీసుకుని దాని మీద తనే చల్లి చూసింది. చక్రాలు మళ్ళీ బిగించారు.

అప్పుడు పైడమ్మ నోట్లో దాచుకున్న భయాలు ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. నట్టు ఊడిపోతేనో? సమీర నట్టు మీద ఇంకో నట్టు బిగించింది. కాలు జారితేనో? పైన బంక రాసి సన్నటి ఇసక జల్లారు. అంచు గీసుకుంటేనో? ఉప్పుకాగితంతో గుండ్రంగా అరగదీశారు. తలకు తగిలితేనో? దానికి చెక్కలో జవాబు లేదు. దుర్గారావు గ్యారేజీలో ఎవరిదో హెల్మెట్టు అడిగి తెచ్చి, వదులు లేకుండా లోపల తువ్వాలు కుక్కాడు.

“అయిపోయాయా?” అంది సమీర.

“ఇంకోటుంది. నడుమకి విరిగిపోతేనో?”

ఈసారి జవాబు ఉన్నది పైడమ్మ దగ్గరే. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కిటికీ ఊచ పట్టుకుని, పలక మీదికి తనే ఎక్కింది. పిల్లకు రెట్టింపు మనిషి. చెక్క కిర్రుమంది. కాస్త వంగి, నిలబడింది. ఆమె ఊచ పట్టుకునే దాని మీద ఎగిరింది, మళ్ళీ ఎగిరింది. సందులో కూరలబండి ఆగిపోయింది. పక్కింటివాళ్ళు బయటికొచ్చారు.

సమీర దగ్గరికొచ్చి ఊచ మీంచి తల్లి వేళ్ళు ఒక్కొక్కటీ విప్పింది.

“వొదిలీయే అమ్మా. నాను ఎనకాల ఉంటాను.”

పైడమ్మ కళ్ళు మూసుకుని సందులో జారింది. వెనకాల కూతురు రెండు చేతులూ చాచుకుని నడిచింది. కూరలబండిని తగులుకుని ఆగేదాకా పైడమ్మ అరవలేదు.

ప్రదర్శన రోజున బడి ఆవరణ కిటకిటలాడింది. పైడమ్మ, సూరన్న మిగతా పిల్లల ఇళ్ళవాళ్ళ మధ్య కూర్చున్నారు. ఫ్యాను మోటారుతో నడిచే కారు ఒకటి కదలకుండానే ఆగిపోయింది. డబ్బాల రైలు సగం దూరం వచ్చి విడిపోయింది. తర్వాత సమీరను పిలిచారు. హెల్మెట్టులో పిల్ల మొహం చిన్నదైపోయింది. వెనక బెంచీ పిల్ల ముందు వరసలోకి వచ్చి నిలబడింది.

సమీర ఒక కాలు పలక మీద వేసి, రెండో కాలితో నేలను తన్నింది. పలక కదిలింది. మామూలుగా కాదు, నూనె మీద జారినట్టు. సగం దూరం వచ్చింది. అక్కడ సిమెంటు నేలలో అతుకు పైకి లేచి ఉంది. ముందు చక్రాలు దానికి తట్టుకున్నాయి. పలక ఆగింది, పిల్ల ఆగలేదు.

పైడమ్మ ఇన్నేళ్ళూ భయపడింది ఆ క్షణానికే. అందరి కళ్ళముందూ, మోచేతుల మీద, దబ్బుమని. ఆమె అప్పటికే లేచి రెండడుగులు వేసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. సమీర లేచి కూర్చుని అరచేతులు చూసుకుంది, తర్వాత పలకను తిరగేసి అడుగు చూసింది. నట్లు కదల్లేదు. పొర లేవలేదు. తలెత్తి తల్లి వైపు చూసి చెయ్యి ఊపింది, రావొద్దని.

పైడమ్మ అక్కడే ఆగిపోయింది. పరుగెత్తి వెళ్ళడం తేలిక, ఆ ఆగడమే కష్టమైంది.

పలక విరగలేదు కాబట్టి పడ్డచోటునుంచి వెళ్ళినా చాలంది మౌసుమీ దీదీమణి. సమీర వినలేదు. కుంటుకుంటూ మొదటి గోడ దగ్గరికి వెనక్కి నడిచింది. మళ్ళీ తన్నింది. అతుకు దగ్గరకు రాగానే ఫోనులో కుర్రాడు చేసినట్టే వెనక కాలితో తోకను నొక్కింది. ముందు చక్రాలు గాలిలోకి లేచాయి, అతుకు దాటాయి, దిగాయి. ఆ తోక ఎందుకు పైకి వంచారో పైడమ్మకు అప్పుడు తెలిసింది. పిల్ల అవతలి గోడదాకా వెళ్ళి, అరచేతులు రెండూ దానికి ఆన్చింది.

బడంతా హోరెత్తింది. సూరన్న లేచి, పక్కనున్న వాళ్ళందరికీ బెంగాలీలో, ఆ చక్రాలు తన కొడుకు మొయిలా గాడీలో దొరికినవేనని గట్టిగా చెప్పాడు. పొరలు అంత గట్టిగా ఎలా అతికాయని దీదీమణి అడిగితే, తనూ అమ్మా కలిసి కట్టు కట్టామని సమీర మైకులో చెప్పింది. వెనక బెంచీ పిల్ల చివరిదాకా ఆగి, దగ్గరికొచ్చి, ఒక్కసారి ఎక్కనిస్తావా అని అడిగింది.

“మా అమ్మనడుగు,” అంది సమీర. “ఆవిడ అడిగినవాటికల్లా జవాబు సెప్తే ఎక్కొచ్చు.”

ఇప్పుడు సాయంత్రమైతే ఆ సందులో పిల్లలు వరసకట్టి ఉంటారు. పైడమ్మ గుమ్మంలో కూర్చుని, ఎవరి హెల్మెట్టు వదులుగా ఉందో చూసి బిగిస్తుంది. పిల్లలు పడుతుంటారు, లేస్తుంటారు. ఆమె లేవదు.

అలాగని భయం పోయిందనుకోకండి. అది కూతుర్ని వదిలి మామను పట్టుకుంది, అంతే. ఈ మధ్య సూరన్న, తను ఈ ఊరి రోడ్లన్నీ ఊడ్చానే గానీ ఒక్కనాడైనా వాటి మీద హాయిగా జారలేదని అంటున్నాడు. మొన్న ఒక కాలు పలక మీద పెట్టి చూస్తుండగా కోడలు పట్టుకుంది. మధ్యాహ్నాలు పైడమ్మ జదుబాబు బజారుకు వెళ్తుంది, సమీర బడిలో ఉంటుంది, దుర్గారావు బండి దిగొచ్చి ఒళ్ళెరక్క నిద్రపోతుంటాడు, పలక మంచం కిందే ఉంటుంది. కాబట్టి ఆ వేళప్పుడు మీరెవరైనా భవానీపూర్ వైపు వెళ్తే, ఆ సందు చివర కింది గదిలోకి ఒక్కసారి తొంగి చూడండి. ముసలాయన మంచం మీద ఉన్నాడో లేదో చూసి వెళ్ళండి.