నాలుగో గడి

తన కట్టెల పొయ్యి జోలికొస్తే బేకరీ యజమాని ఎవర్నీ ఊరికే వదిలిపెట్టే రకం కాదు. తీరా ఈసారి వచ్చింది కన్నకూతురాయె! కాలుష్య నియంత్రణ కార్యాలయంలో ఉద్యోగం ఆ పిల్లకి.

"కొత్త నిబంధన నాన్నా. కట్టెల పొయ్యి ఉన్నవాళ్లు తమ పొగని తామే చూసి, సంతకం చేసివ్వాలి. రెండో గడి దాటితే కరెంటు పొయ్యికి మారాల్సిందే," అంటూ ఒక అట్టముక్క, ఒక ఫారం చేతిలో పెట్టింది. అట్టమీద లేత బూడిదరంగు నుంచి కటిక నలుపు దాకా అయిదు గడులు. పొగ ఏ గడితో సరిపోలితే అదే దాని నంబరు.

ఆయన ఫారం లాక్కుని "రెండు" అని రాసేశాడు.

"చూడకుండానే?"

"నా పొగ నాకు తెలీదా?"

"ఎప్పుడు చూశావేంటి?"

ముప్పై ఏళ్లుగా పొగ లేచే వేళకు ఆయన పొయ్యి ముందే ఉంటాడు. పొగగొట్టం బేకరీ కప్పు మీద ఉంటుంది. ఇంకెప్పుడు చూస్తాడు?

"మంట నేను చూసుకుంటాలే, నువ్వు మన మేడెక్కు," అంది కూతురు. నడక రాకముందే పిండిలో పొర్లిన పిల్ల అది, మంట సంగతి దానికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా మూడుసార్లు చెప్పి, వీధి దాటి, ఎదురుగా ఉన్న సొంతింటి మేడెక్కాడు.

అక్కడ భార్య తడిబట్టలు తీగ మీంచి తీసేస్తోంది.

"ఇంకా ఆరనేలేదు, తీసేస్తున్నావేం?"

"పొయ్యి వెలిగించే టైమయిందిగా. మీ పొగ పోయాక మళ్లీ ఆరేస్తాను."

"రోజూనా?"

"పెళ్లయిన దగ్గర్నుంచీ."

ఇంతలో పొగ లేచింది. వీధి దాటి పిలవని చుట్టంలా తిన్నగా మేడ మీదికే వచ్చింది. ఆవిడ తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గింది. ఆ దగ్గు ఆయనకు బాగా తెలుసు. ఇన్నాళ్లూ చల్లగాలి పడక అనుకున్నాడు.

"ఒక్కసారైనా చెప్పలేదేం?"

"చెబితే ఆర్పేసేవారా? రొట్టె పొంగినప్పుడు మీ మొహం ఎలా వెలిగిపోతుందో మీకేం తెలుసు. దానికోసం బట్టలు రెండుసార్లు ఆరేస్తే నా సొమ్మేం పోయింది?"

ఆయనకు ఆవిడ మీద ప్రేమ, తన మీద తనకే కోపం కలిసికట్టుగా ముంచుకొచ్చాయి. కళ్లు తుడుచుకుని అట్ట ఎత్తి పట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఎంత నాన్నా?" కూతురు వీధిలోకి వచ్చి అరిచింది.

"నాలుగు!"

"సరిగ్గా చూడు. కట్టెలు పచ్చిగా ఉన్నాయేమో. బాగా ఎండినవి వేస్తాను, అప్పుడు..." ఆ పొయ్యంటే ఆ పిల్లకి మాత్రం ప్రాణం కాదా!

"వద్దమ్మా. రోజూ వేసేవి ఇవేగా. రెండు కొట్టేసి నాలుగని రాయి, వచ్చి సంతకం పెడతాను."

"తొందరపడకండి," అంది భార్య. "ఆ పొయ్యి లేకపోతే మీకు తోస్తుందా?"

"నువ్వు లేకపోతే తోస్తుందా?" అని కసిరి, ఆవిడకూ పొగకూ మధ్య వెళ్లి చేతులు చాపి నిలబడ్డాడు. పొగ ఆయన్ని తప్పించుకుని ఆవిడ దాకా వెళ్లింది. ఇద్దరూ కలిసి దగ్గారు.