కునా ధర పెరుగుతుందన్న మాట

కోరుట్లలో విదేశీ నోట్లు మార్చే ఇనాయతుల్లాకు జలపతి పేరు వింటేనే తల వంగిపోయేది.

క్రొయేషియాలో హోటల్ పని చేసి 2022లో ఊరికొచ్చిన జలపతి, బోరు వేయించుకోవడానికి అక్కడి కునా నోట్లు మార్చమన్నాడు. ఆ కరెన్సీ సంగతి ఇనాయతుల్లాకు తెలియదు. తెలియదనడానికి నామోషీ వేసింది. ఫోన్‌లో యూరోతో కునా పాత ధరలు నాలుగు చూసి, "ఆగన్నా, ధర పెరుగుతది" అనేశాడు.

2023 జనవరిలో ఆ దేశం యూరోకు మారింది. యూరోకు దాదాపు ఏడున్నర కునాల లెక్కన ధర ఖాయం చేసి, కునాల వాడకం ఆపేసింది. ఇక్కడ ఆ నోట్లు మార్చేవాళ్లు లేక బోరు వేయించడం కుదరలేదు. జలపతి మక్కజొన్న చేను ఎండిపోయింది.

చివరికి ఇనాయతుల్లా జలపతి ఊరు కొడిమ్యాల వెళ్లి అతని ముందు కూర్చున్నాడు.

"నాకు తెల్వకుంటనే చెప్పిన అన్నా, తప్పు నాదే. మన రిజర్వ్ బ్యాంకు అసొంటి అక్కడి పెద్ద బ్యాంకుల పాత నోట్లు ఇప్పటికీ తీసుకుంటరు. మా అక్క కొడుకు యాసర్ గక్కడికే పోతుండు. గా ఖాయం చేసిన ధరకే మార్చి పైసలు పంపుతడు."

జలపతి నోట్ల కవరు తెచ్చి చేతిలో పెట్టాడు. "తెల్వదని గప్పుడే అంటే ఇంకో దుకాణంకు పోదును గద భాయ్," అన్నాడు మెల్లగా.

గట్టిగా తిట్టినా బాగుండేదని ఇనాయతుల్లాకు దారంతా అనిపించింది.