దాహీకి దక్కిన పెద్దరికం

భోజనశాల అద్దం ముందు నిలబడి దాహీ తెల్ల చేతితొడుగులకు గుండీలు పెట్టుకుంటున్నాడు. నడుముకు ఎర్ర పట్టీ. రాజుల కాలంలో కట్టిన ఈ లక్సర్ హోటల్లో ఆ పట్టీ కట్టేది హెడ్ వెయిటర్ ఒక్కడే. దాహీది సన్నటి ఒళ్ళు, వంగిన భుజాలు, ఎవరికీ గుర్తుండని ముఖం. ఆ ముఖమే అతన్ని ఇంతకాలం బతికించింది.

ఈజిప్టు దక్షిణాన, మా వైపు పగ తీర్చుకునేవాళ్ళు కాల్చినవాణ్ణే వెతకరు. ఆ ఇంట్లో పేరున్నవాణ్ణి ఎంచుకుంటారు. సిమ్మాన్ వంశం వాళ్ళకూ దాహీ వాళ్ళకూ కాలువ నీళ్ళ దగ్గర మొదలైన గొడవ తాతలనాటిది. ఊరిపెద్దగా ఉన్న దాహీ అన్నను కాల్చేశారు. బడిపంతులైన పినతండ్రి కొడుకునూ కాల్చేశారు. దాహీ జోలికి ఎవరూ రాలేదు. ఎంగిలి ప్లేట్లు ఎత్తేవాణ్ణి చంపితే వాళ్ళకే నామోషీ! మొన్న చలికాలంలో దాహీ అన్నకొడుకు సిమ్మాన్ వాళ్ళ మనిషిని కాల్చి లిబియా పారిపోయాడు. ఇప్పుడు వంతు వాళ్ళది. చంపదగ్గ మగవాడు ఈ ఇంట్లో లేక ఊరుకున్నారు.

నిన్న మేనేజర్ రాఫత్ బే ఆ పట్టీ దాహీకి కట్టి, ఫొటో తీయించి పేపర్లో వేయించాడు.

"నాకొద్దు బేగారూ. నన్ను చంపేస్తారు."

ఆ కైరో మనిషి పగలబడి నవ్వాడు. "ఏ కాలంలో ఉన్నావు బాబాయ్? గేటు దగ్గర పోలీసులున్నారు. అంత భయమైతే ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చో."

ఇంట్లో కూర్చుంటే తిండెలా?

వంటవాడు బహ్గత్ కిటికీలోంచి కేకేశాడు. "ఇక మమ్మల్ని గుర్తుపడతావా పెద్దయ్యా?"

"అరవకురా, నీకు పుణ్యముంటుంది!"

నిజం చెప్పాలంటే, అద్దంలో ఆ పట్టీ చూసుకుని దాహీ ఒక్క క్షణం మురిసిపోయాడు. కుర్రతనం నుంచీ కోరుకున్నదే మరి. అలా మురిసినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. హెడ్ వెయిటర్ నువ్వేనా అని ఎవరైనా అడిగితే కాదని చెప్పాలని, ఆ మాటే రోజంతా నోట్లో నానబెట్టుకున్నాడు.

వచ్చినవాడు గేటులోంచి రాలేదు. పొద్దు వాలుతుండగా నైలు వైపు మెట్లెక్కి వచ్చి, వసారాలో చివరి బల్ల దగ్గర కూర్చున్నాడు. మీసాలు సరిగా రాని కుర్రాడు. సిమ్మాన్ వాళ్ళ పోలిక ఆ కనుబొమల్లోనే తెలిసిపోతుంది. ఏమీ వద్దన్నాడు. దాహీ లోపలికెళ్ళి తనే టీ కలిపి తెచ్చి ముందుంచాడు. ఒక మనిషి చేతి టీ తాగి అతన్ని చంపడం మా వైపు లేదు. ఒక్క గుక్క చాలు.

"ఇక్కడ హెడ్ వెయిటర్ నువ్వేనా?" కుర్రాడు అడిగాడు.

కాదనే మాట నాలుక చివరే ఉంది. బతుకులో మొదటిసారి అతన్ని ఒకరు ఆ ప్రశ్న అడిగారు.

"అవును," అన్నాడు దాహీ. నడుము దానంతటదే నిటారైంది. వెంటనే గ్లాసును కుర్రాడి ముందుకు జరిపాడు. "చల్లారిపోతుంది బాబూ. తాగు."

కుర్రాడు గ్లాసు వైపు చూశాడు.

"ఏమీ అనుకోకు బాబాయ్," అంటూ లేచాడు.

రెండు తూటాలు పేలాయి. జనం పరిగెత్తుకొచ్చేసరికి కుర్రాడు పడవలో సగం నది దాటాడు. దాహీ గచ్చుమీద పక్కకు ఒరిగి పడి ఉన్నాడు. బల్లమీద నిండు గ్లాసులో టీ, పైన తేలే పుదీనా ఆకుతో, ఎవరి పెదవీ తగలకుండా ఇంకా పొగలు కక్కుతూనే ఉంది.