మొదటి సగం మీద బరువు

కోదండరాం ఎర్ర పెన్సిలుతో మాటను రెండుగా చీల్చాడు. లైట్, హౌస్. మొదటి ముక్క నెత్తిన గీత, రెండోదాని కింద చుక్క. కోడంబాక్కం డబ్బింగ్ థియేటర్లో ముప్పయ్యొక్కేళ్ళుగా ఆయన పనల్లా ఇదే. తెర మీది ఇంగ్లీషు బొమ్మ నోరు ఎక్కడ బార్లా తెరుచుకుంటే అక్కడే తెలుగు గొంతు బరువు పడాలి. సన్నటి మనిషి. చొక్కా జేబులో పెన్సిలు పొట్టు, బొటనవేలి గోట్లో ఎప్పుడూ ఎరుపు. తెర మీద పేరు పడిందా అంటే ఒక్కసారీ లేదు. పడకపోతే ఏం, కొంప మునిగిందా!

రికార్డింగ్ గది అద్దం అవతల మైకు ముందు భువనేశ్వరికి చెమటలు పడుతున్నాయి. తెనాలి నుంచి వచ్చి రెండేళ్ళు, గుంపులో గోవిందా అరుపులే తప్ప పట్టుమని పది మాటల పాత్ర దక్కలేదు. ఇవాళే దక్కింది, లైట్‌హౌస్ కాపలాదారు కూతురు. మధ్యాహ్నంలోగా బొమ్మ నోటితో మాట కుదరకపోతే వేరే గొంతును పిలుస్తానని సౌండ్ ఇంజనీరు జయరామ్ తేల్చి చెప్పేశాడు. తొమ్మిది టేకులయ్యాయి. బొమ్మ నోరు ముడుచుకునే వేళకి ఈ పిల్ల "హౌస్" దగ్గర గొంతు చించుకుంటోంది, పాపం.

"నావల్ల కాదు మాస్టారూ. మళ్ళీ గుంపులోకే పోతాను," అంది కళ్ళు తుడుచుకుంటూ.

కోదండరాం లోపలికెళ్ళి జేబులోంచి రబ్బరు ముక్క తీశాడు. బల్ల మీద తాళం వేస్తే మైకు పట్టేస్తుంది కనుక, ఆయన దగ్గర నేర్చుకున్న వాళ్ళందరికీ ఇదే తాళం.

"ఈడ పట్టుకో మా. లైట్ అనేటప్పుడు గట్టిగా నొక్కు. హౌస్‌కి వేలు వదిలెయ్. బరువు ముందే దించేస్తే వెనకది దానంతట అదే నడుస్తాది. నోటి సంగతి మరిచిపో."

పదో టేకు. ఏడాదిగా ఆయనకు కుడిచెవి మొద్దుబారింది, ఎడమదీ అదే దారి పట్టింది. ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆమె వేలినే చూస్తూ నిలబడ్డాడు. వేలు దిగింది. తేలిగ్గా లేచింది.

అద్దం వెనక జయరామ్ రెండు చేతులూ ఎత్తాడు. భువనేశ్వరి నిలుచున్న చోటే గంతేసింది. కోదండరాంకి కడుపు నిండిపోయింది.

"రేపు రెండో రీలు మాస్టారూ. మీరు పక్కనుంటే చాలు!"

"రేపట్నుంచి నేను రాను మా. చెవులు పనిచేసేది లే. నీకింక నేనెందుకు, వేలుండాది కదా," అని నవ్వేసి, సంచి భుజాన వేసుకుని స్టేషను దారి పట్టాడు.

భువనేశ్వరి మైకు వైపు తిరిగింది. మైకు పక్కన స్టాండు మీద రబ్బరు ముక్క ఉంది. ఎన్నో వేళ్ళు నొక్కగా నడుమ పడిన పల్లంలో ఆమె బొటనవేలి తడి ఇంకా ఆరలేదు.