తారాబాయి బండెక్కిన పొద్దు

ఆదిలాబాద్‌లో ఏరోడ్రం పక్క బస్తీలో విమానం ఎన్నడూ దిగలేదు గానీ, మనుషులు మాత్రం దిగుతూనే ఉన్నారు. మొదట జిన్నింగు మిల్లుల్లో పనికి మరాఠీవాళ్లు దిగారు. తర్వాత బొగ్గుబావుల్లో రిటైరైనవాళ్లు జాగాలు కొని ఇళ్లు కట్టారు. ఇప్పుడు నిజంగానే విమానాలొస్తాయని మాట పుట్టాక అద్దెకు గది దొరకడమే గగనమైంది.

బస్తీలో అందరికీ ఆ ఏరోడ్రం మైదానంలో సైకిల్ నేర్పింది మరాఠీ ఇంటి తారాబాయే. గోచి చీర బిగించి, వెనక క్యారియర్ పట్టుకుని ఉరికేది. ఎదిరింటి మొగిలి, బొగ్గుబావిలో పని చేసి జుట్టు నెరిసినా సైకిల్ రాని మనిషి, ఆమె చేతిలోనే దారికొచ్చాడు. ఆమె మాత్రం ఒక్కనాడూ బండెక్కలేదు. మొదట అత్త వద్దంది, తర్వాత పిల్లలు తీరనియ్యలేదు, ఆ తర్వాత మోకాళ్లు. సోమవారం నుంచి మైదానానికి కంచె వేస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు ముద్ద దిగడం లేదు.

ఆదివారం పొద్దున్నే తారాబాయి మెట్లెక్కి, తన పై గదిలో అద్దెకుంటున్న నర్సు రెబెకా తలుపు కొట్టింది.

"బిడ్డా, జర నీ స్కూటీ ఇస్తవా? కంచె పడకముందు ఒక్కసారన్న నడపాలె."

రెబెకాకు ఆ స్కూటీ నడపడం వచ్చింది కూడా తారాబాయి వెనక పట్టుకుంటేనే. "ప్రార్థనకు ఇంకా టైమున్నది పెద్దమ్మా, నడువు," అంది.

బస్తీకి బస్తీ మైదానానికి కదిలింది. వెనక పట్టుకోవడానికి మొగిలి ఎగబడ్డాడు. తారాబాయి హ్యాండిల్ మీది యాక్సిలరేటర్ తిప్పిందో లేదో, బండి అతని చేతిలోంచి జారి దూసుకుపోయింది. పైటకొంగు గాలికి లేచింది. ఆమెకు భయమూ వేసింది, చెప్పలేనంత సంతోషమూ వేసింది. ఎదురుగా కంచె కోసం దింపిన స్తంభాలు కనపడ్డాయి. భయంతో హ్యాండిల్‌ను ఇంకా బిగించింది. బండి ఇంకా ఉరికింది.

"బ్రేకు నేర్పుడు మరిచిన!" అని రెబెకా నెత్తి కొట్టుకుంది.

"పట్టు ఇడువు అక్కా!" అని మొగిలి గావుకేక పెట్టాడు.

ఎప్పుడు వదలాలో బస్తీలో తారాబాయి కన్నా తెలిసినవాళ్లెవరు? ఎన్నెన్ని సైకిళ్లను అట్లా వదలలేదు! వేళ్లు సడలించింది. బండి మెల్లగా పోయి, స్తంభాలకు బారెడు దూరంలో ఆగింది.

అందరూ రొప్పుతూ వచ్చారు. మొగిలి చెయ్యి అందించాడు. "దిగక్కా, బండి నేను నడిపిచ్చుకొస్త."

"దిగుడెందుకు?" అంది తారాబాయి, చెంగుతో కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "కంచె రేపు గదా. బండి ఎనుకకు ఎట్ల మర్లేసుడో చెప్పుండ్రి."